ఒక టన్ను అబ్జార్ప్షన్ చిల్లర్‌కు మెంబ్రేన్ అబ్జార్బర్: పొర ఏది, ఎంత వైశాల్యం, ఎక్కడ తేడా కొడుతుంది?

పాలకొల్లు ఫ్యాబ్రికేటర్:

నమస్కారమండి. తణుకు దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లు. ఊక బాయిలర్ మీద 85 డిగ్రీల వేడినీళ్ళు రోజంతా దొరుకుతాయి. సార్టెక్స్ (రంగునుబట్టి బియ్యం ఏరే యంత్రం) గదికి మామూలు ఏసీలు నడుస్తున్నాయి, ఆ కరెంటు ఖర్చు తగ్గించాలని ఓనరుగారి ఉద్దేశం. ముందు ఒక టన్ను లిథియం బ్రోమైడ్ (తేమను పీల్చే ఉప్పు)–నీటి యంత్రం చేసి చూపించాలి, అది నిలబడితే 5 టన్నులకు వెళ్తాం.

ట్యూబుల మీద ద్రావణం జారే పాత రకం అబ్జార్బర్ (నీటి ఆవిరిని ద్రావణం పీల్చుకునే భాగం) చాలా చోటు తింటోంది. దాని బదులు నీళ్ళు అంటని సూక్ష్మరంధ్రాల పొర వేసి, ఒక పక్క ద్రావణం, ఇంకో పక్క ఆవిరి పెడితే పెట్టె చిన్నదవుతుందని చదివాను. నాకు కావలసింది: ఏ పొర కొనాలి, టన్నుకు ఎన్ని చదరపు మీటర్లు, ద్రావణం పారే సందు ఎంత మందం ఉండాలి, ముందే జాగ్రత్త పడాల్సినవేంటి. ప్లేట్లు కోయడం, వెల్డింగు, వాక్యూమ్ పరీక్ష మా దగ్గరే అవుతాయి. చల్లటి నీళ్ళు 7 డిగ్రీలకు రావాలని అనుకుంటున్నాం.

శూన్యపీడనం:

ముందు లెక్క చూద్దామండి, పొర సంగతి దాన్నిబట్టి తేలుతుంది.

ఒక టన్ను అంటే 3.517 కిలోవాట్లు. దానికి సెకనుకు 1.5 గ్రాముల నీరు, అంటే గంటకు 5.4 కిలోలు, ఎవాపరేటర్‌లో (చల్లదనం పుట్టే గదిలో) ఆవిరై ద్రావణంలో కలవాలి. గాఢ ద్రావణం 61 శాతం, పలచబడి బయటికొచ్చేది 57 శాతం అనుకుంటే, ఆవిరికి 14 రెట్ల బరువు గాఢ ద్రావణం తిరగాలి. సాంద్రత 1.65 దగ్గర ఉంటుంది కాబట్టి సెకనుకు 13 మిల్లీలీటర్లు, నిమిషానికి 0.8 లీటరు.

వైశాల్యం. ప్రయోగశాలల్లో 100 మైక్రాన్ల సందుతో చదరపు మీటరుకు సెకనుకు 6 గ్రాముల దాకా తెచ్చారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళ కొలతల్లో ఆ అంకె కనబడుతుంది. దాన్ని పట్టుకుని డిజైన్ చేయకండి. మన దగ్గర కూలింగ్ నీళ్ళు వేడిగా ఉంటాయి, ఆవిరిని లోపలికి తోసే పీడన తేడా 0.4 కిలోపాస్కల్‌కు మించదు. చదరపు మీటరుకు 1.5 గ్రాములే అనుకోండి. అప్పుడు టన్నుకు సరిగ్గా ఒక చదరపు మీటరు. 20 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవున్న ముఖాలు 50. మధ్యలో కూలింగ్ నీళ్ళు, రెండు పక్కలా ద్రావణం వచ్చేలా ప్లేటు చేస్తే 25 ప్లేట్లతో సరిపోతుంది.

సందు మందం దగ్గర ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. సన్నగా ఉంటే తేమ లోపలికి త్వరగా పాకుతుంది, నిజమే. కానీ ద్రావణం నీళ్ళలా పారదు, దాని చిక్కదనం నీటికి సుమారు అయిదారు రెట్లు. పైన చెప్పిన ప్లేట్లలో 200 మైక్రాన్ల సందు పెడితే పీడన నష్టం ఒక కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. 100 మైక్రాన్లు చేస్తే 8 కిలోపాస్కళ్ళు. మందం సగమైతే నష్టం ఎనిమిది రెట్లు. 8 కిలోపాస్కళ్ళు పంపుకు పెద్ద బరువేం కాదు. చిక్కంతా 50 సందుల్లోకి సమానంగా పంచడంలో ఉంది. ఒక సందు మందం 10 శాతం పెరిగితే అందులో పారేది 33 శాతం పెరుగుతుంది, 10 శాతం తగ్గితే 27 శాతం తగ్గుతుంది. 200 మైక్రాన్లలో 10 శాతం అంటే 20 మైక్రాన్లు. గాస్కెట్టు బోల్టు కాస్త ఎక్కువ బిగిస్తే అంత తేడా వచ్చేస్తుంది. తక్కువ పారిన సందు తొందరగా పలచబడి పనిచేయడం మానేస్తుంది, ఎక్కువ పారినదాంట్లో ద్రావణం సగం పని చేసి బయటికి పోతుంది. లెక్క ప్రకారం టన్ను రావాల్సిన పెట్టె ముప్పావు టన్ను దగ్గర ఆగిపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

మందు రెండు రకాలు. మందాన్ని గాస్కెట్టుకు వదలకుండా ప్లేటులోనే 200 మైక్రాన్ల లోతు మిల్లింగో ఎచింగో చేయించి, గాస్కెట్టును వేరే గాడిలో కూర్చోబెట్టండి. రెండోది, ప్రతి సందు ముఖద్వారంలో సన్నటి కేపిలరీ గొట్టం ముక్క పెట్టి, అక్కడే సందులో కంటే రెండు మూడు రెట్లు పీడనం పోయేలా చూడండి. మిరపచేలో డ్రిప్పు వేసేవాళ్ళకు ఈ కిటుకు తెలిసిందే, లైన్లో ఎత్తుపల్లాలున్నా ప్రతి మొక్కకూ ఒకేలా నీళ్ళు పడేది డ్రిప్పర్‌లో పీడనం పోవడం వల్లే.

ఇక పొర. పీటీఎఫ్ఈ, అంటే టెఫ్లాన్ రకమే కొనండి. రంధ్రం ఒక మైక్రాన్, మందం 60 మైక్రాన్ల లోపు, ఖాళీ భాగం 75–80 శాతం. 1.2 కిలోపాస్కల్ దగ్గర నీటి ఆవిరి అణువు ఇంకో అణువును గుద్దుకోకుండా పది మైక్రాన్ల దాకా పోతుంది, కాబట్టి ఒక మైక్రాన్ రంధ్రంలో అది గోడలనే గుద్దుకుంటూ వెళ్తుంది. అలాంటప్పుడు రంధ్రం వ్యాసం రెట్టింపైతే ఆవిరి కూడా రెట్టింపు దూరుతుంది. 0.2 మైక్రాన్ల పొర భద్రంగా ఉంటుందని కొంటే అయిదో వంతు ఆవిరే దక్కుతుంది.

రంధ్రం పెద్దదైతే ద్రావణం దూరదా అంటే, తలతన్యత మీటరుకు 0.09 న్యూటన్లు, స్పర్శకోణం (90 దాటితే ద్రావణం పొరను అంటదు) 115 డిగ్రీలు అనుకుంటే ఒక మైక్రాన్ రంధ్రంలోకి ద్రావణాన్ని నెట్టడానికి 150 కిలోపాస్కళ్ళు కావాలి. పొరలో అక్కడక్కడ పెద్ద రంధ్రాలుంటాయి కాబట్టి సగమే నమ్ముదాం, 75. మీరు పెట్టేది పదిలోపు. ఢోకా లేదు.

పీవీడీఎఫ్ అనే ఇంకో ప్లాస్టిక్ పొర చవగ్గా దొరుకుతుంది, కానీ తుప్పు రాకుండా ద్రావణంలో లిథియం హైడ్రాక్సైడ్ కలిపి క్షారంగా ఉంచుతాం కదా, వేడి క్షారం దాన్ని మెల్లగా పెళుసు చేస్తుంది. పీటీఎఫ్ఈకి ఆ బాధ లేదు. పాలీప్రొపిలీన్ గుడ్డ అతికించిన పీటీఎఫ్ఈ అబ్జార్బర్‌కు పరవాలేదు, జనరేటర్ (ద్రావణాన్ని కాచి మళ్ళీ చిక్కబరిచే గది) వేడికి మాత్రం వద్దు. బిగించేటప్పుడు తెల్లటి నున్నటి ముఖం ద్రావణం వైపు, గుడ్డ ముఖం ఆవిరి వైపు ఉండాలి. తిరగేస్తే గుడ్డలో ద్రావణం కదలకుండా నిలిచిపోయి, 200 మైక్రాన్ల సందు కాస్తా 400 అయినట్టు పనిచేస్తుంది.

పొర వెనక, అంటే ఆవిరి వైపు, స్టెయిన్‌లెస్ జల్లెడ ఆసరా తప్పనిసరి. ద్రావణం పీడనం పొరను అటే తోస్తుంది. ఆసరా లేకపోతే పొర బొజ్జలా ఉబ్బి సందు మందం మారిపోతుంది, పైన చేసిన లెక్కంతా గోదాట్లో కలుస్తుంది.

ఉప్పుటేరు:

శూన్యపీడనం గారి లెక్క బావుందండి. నాది పొర గురించి కాదు, 85 డిగ్రీల గురించి.

మే నెలలో డెల్టాలో తడి బల్బు ఉష్ణోగ్రత (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) 28 పట్టుకోవాలి. కూలింగ్ టవర్ ఎంత మంచిదైనా నీళ్ళు 31–32కు వస్తాయి. అప్పుడు అబ్జార్బర్ నుంచి బయటికొచ్చే ద్రావణం 37–38లో ఉంటుంది, కండెన్సర్ (జనరేటర్ ఆవిరిని మళ్ళీ నీరు చేసే భాగం) 41 దగ్గర నిలుస్తుంది. 38 డిగ్రీల దగ్గర 57 శాతం ద్రావణం మీద ఆవిరి పీడనం, సుమారు 5–6 డిగ్రీల నీటి మీద ఉండే పీడనానికి సమానం. మీకు 7 డిగ్రీల నీళ్ళు కావాలంటే ఎవాపరేటర్ 5లో ఉండాలి. అంటే ఆవిరిని అటు తోసే బలమే మిగలదు. ఎంత గొప్ప పొర వేసినా ఇది మారదు, ఎందుకంటే పొర దారి ఇస్తుందే తప్ప తోసే బలం ఇవ్వదు.

61 శాతానికి ద్రావణం చిక్కబడాలంటే, కండెన్సర్ 41 ఉన్నప్పుడు జనరేటర్‌లో ద్రావణమే 87 డిగ్రీల దాకా కాగాలి. 85 డిగ్రీల నీళ్ళతో అది జరగదు. బాయిలర్ ఆవిరి ఉంది కదా, చిన్న ఎక్స్‌చేంజర్ వేసి 95 డిగ్రీల నీళ్ళు తీసుకోండి. నిమిషానికి 9 లీటర్లు, 8 డిగ్రీలు దిగేలా నడిపితే టన్నుకు కావలసిన 4.9 కిలోవాట్లు వస్తాయి.

చల్లటి నీళ్ళు కూడా 7 మానేసి 12కు పెట్టుకోండి. ఎవాపరేటర్ 10 డిగ్రీల దగ్గర, పీడనం 1.23 కిలోపాస్కల్. సార్టెక్స్ గది 26 డిగ్రీలకు ఉంచడానికి 12 డిగ్రీల నీళ్ళు చాలు, కాయిల్ కాస్త పెద్దది వేయాలంతే. శూన్యపీడనం గారు చెప్పిన 0.4 కిలోపాస్కల్ తేడా కూడా ఈ 10 డిగ్రీలతోనే వస్తుంది, 5 డిగ్రీలతో కాదు.

కూలింగ్ నీళ్ళ గురించి. టన్నుకు బయటికి పారేయాల్సిన వేడి 8.4 కిలోవాట్లు, 5 డిగ్రీల తేడాతో నిమిషానికి 24 లీటర్లు. కాలువ నీళ్ళయితే వేసవిలో కాలువలు కట్టేస్తారు, సరిగ్గా చిల్లర్ అవసరమైన రోజుల్లోనే. బోరు నీళ్ళయితే తణుకు దాకా పరవాలేదు గానీ నరసాపురం వైపు ఉప్పు, 304 స్టీలుకు గుంటలు పడతాయి. ప్లేట్లు 316ఎల్ స్టీలుతో చేయించండి. వరదల్లో ఎర్రనీరు పులసకు మంచిదే, ప్లేట్లకు కాదు. కూలింగ్ నీటి సందు 3 మిల్లీమీటర్లకు తగ్గనీయకండి, టవర్ నీటిని నేరుగా పంపకుండా మధ్యలో విప్పి కడుక్కోగలిగే ప్లేటు ఎక్స్‌చేంజర్ వేస్తే ఇంకా మేలు. దానికి ఒకటిన్నర, రెండు డిగ్రీలు పోతాయి, ఆ మేరకు పైన చెప్పిన అంకెలన్నీ బిగుసుకుంటాయి. ఏది వదులుకోవాలో మీ నీళ్ళు చూసి నిర్ణయించుకోండి.

పాలకొల్లు ఫ్యాబ్రికేటర్:

ఇద్దరికీ ధన్యవాదాలండి. 95 డిగ్రీలకు ఓనరుగారు ఒప్పుకున్నారు, 12 డిగ్రీల చల్లనీళ్ళకీ అభ్యంతరం లేదు.

ఒక అనుమానం. ఒక పాత పెద్ద చిల్లర్ పడేసినప్పుడు తీసిన లిథియం బ్రోమైడ్ ద్రావణం చవగ్గా వస్తోంది. వడగట్టి వాడొచ్చా? ఇంకోటి, పొర తడిసిపోయిందని బయటి నుంచి ఎలా తెలుస్తుంది?

శూన్యపీడనం:

ఆ ద్రావణం ముట్టుకోకండి. మామూలు చిల్లర్లలో ద్రావణం ట్యూబుల మీద బాగా కలియబెట్టుకోవాలని ఆక్టైల్ ఆల్కహాల్ కొద్దిగా కలుపుతారు, పది లక్షల పాళ్ళకు వంద పాళ్ళ చొప్పున ఉన్నా చాలు పనిచేస్తుంది. అది చేసే పనే తలతన్యత తగ్గించడం. మన పొర నిలబడేది ఆ తలతన్యత మీదే. 0.09 నుంచి 0.04కు పడిపోయి, స్పర్శకోణం 90 వైపు జారితే, 150 కిలోపాస్కళ్ళు ఆపాల్సిన రంధ్రం అయిదారు కూడా ఆపలేదు. ఒక్కసారి తడిసిన రంధ్రం వాక్యూమ్‌లో దానంతటది ఆరదు, నీరు ఆవిరైనా ఉప్పు లోపలే ఉండిపోతుంది. పొర విప్పి, డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి, ఆరబెట్టాల్సిందే. వడగడితే ఆక్టైల్ ఆల్కహాల్ పోదు. యాక్టివేటెడ్ కార్బన్ కొంత పీలుస్తుంది గానీ పూర్తిగా కాదు. కొత్త ద్రావణం, ఆల్కహాల్ కలపనిది అని ప్రత్యేకంగా చెప్పి కొనండి, తుప్పు నిరోధకం లిథియం మాలిబ్డేట్ ఉంటే చాలు. కటింగ్ ఆయిల్, సబ్బు కూడా అలాంటి శత్రువులే. ప్లేట్లు మిల్లింగు అయ్యాక డిటర్జెంటుతో కడిగితే చివర్లో డిస్టిల్డ్ నీళ్ళతో బాగా జాలించండి.

ద్రావణాన్ని నమ్మే ముందు పరీక్ష సులువు. 47 మిల్లీమీటర్ల ఫిల్టర్ హోల్డర్‌లో పొర ముక్క పెట్టి, పైన 40 డిగ్రీల ద్రావణం పోసి, సైకిల్ పంపుతో గాలి కొడుతూ గేజి చూడండి. కింద మొదటి చుక్క ఎప్పుడు పడిందో ఆ పీడనం రాసుకోండి. 70 కిలోపాస్కళ్ళు దాటితే సరే. అదే ముక్కను వారంపాటు వేడి ద్రావణంలో నానబెట్టి, కడిగి ఆరబెట్టి మళ్ళీ చేయండి. సగానికి పడిపోతే ఆ ద్రావణంలోనో ఆ పొరలోనో ఏదో ఉంది.

నడుస్తున్నప్పుడు గుర్తు: ఎవాపరేటర్ నీటి టీడీఎస్, అంటే అందులో కరిగిన లవణాల కొలత. డిస్టిల్డ్ నీళ్ళతో మొదలుపెడతారు కాబట్టి అంకె దాదాపు సున్నా. పొర కారితే ద్రావణం ఆవిరి గదిలోకి జారి ఎవాపరేటర్ నీటిలో కలుస్తుంది, టీడీఎస్ వేలల్లోకి ఎగబాకుతుంది. చెరువుల దగ్గర ఉప్పు చూసే రిఫ్రాక్టోమీటరుకు తొలిదశ కారడం కనబడదు, టీడీఎస్ మీటరే వాడండి. అబ్జార్బర్ ఆవిరి గది అడుగున చిన్న గిన్నెలాంటి పల్లం, దానికి అద్దం పెట్టుకుంటే కారినది ఎవాపరేటర్‌కు చేరకముందే కంటబడుతుంది.

వాక్యూమ్ గురించి మూడు ముక్కలు. సిలికాన్ గాస్కెట్లు వద్దు, ఆ రబ్బరులోంచే గాలి దూరుతుంది, ఈపీడీఎం రకం రబ్బరు వేయండి. వాక్యూమ్ పంపు లైన్‌ను ఆవిరి వచ్చే చోట కాదు, ఆవిరి ఆగిపోయే చివర కలపండి. ఆవిరి తనతో మోసుకొచ్చిన గాలినంతా అక్కడే వదిలేస్తుంది. మొత్తం పీడనమే 1.2 కిలోపాస్కల్ అయినప్పుడు, రంధ్రాల ముందు 0.05 కిలోపాస్కల్ గాలి పేరుకున్నా చల్లదనం కళ్ళెదుటే తగ్గుతుంది. మూడోది, ద్రావణం పంపు మాగ్నెటిక్ డ్రైవు గేర్ పంపు అయి ఉండాలి, షాఫ్టు సీలు ఉన్నది గాలి పీలుస్తుంది. పంపును అబ్జార్బర్‌కు కనీసం అర మీటరు కిందన పెట్టండి, 8 కిలోపాస్కళ్ళ ఎత్తు దొరుకుతుంది. అలాగని ద్రావణం బయటికి పోయే గొట్టాన్ని నేరుగా కిందికి దించేస్తే, ఆ బరువు సందులోని ద్రావణాన్ని లాగేసి, ఆవిరి పొరలోంచి బుడగలుగా దూరుతుంది. గొట్టాన్ని ముందు అయిదారు సెంటీమీటర్లు పైకి లేపి, అక్కడ ఆవిరి గదితో ఒక సన్న గొట్టం కలిపి, ఆ తర్వాత కిందికి దించండి.

పంపు తర్వాత 15 మైక్రాన్ల ఫిల్టరు మర్చిపోకండి. తుప్పు పొడి మామూలు చిల్లర్‌లో అడుగున పడి ఉంటుంది, ఇక్కడ మాత్రం నేరుగా మీ కేపిలరీలో కూర్చుంటుంది.

అంతర్వేది గాలి:

ఆయ్, అన్నీ సరే గానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. మిల్లులో చోటుకు కరువా? పొర అబ్జార్బర్ గొప్పదనం చిన్న పెట్టె, ఎటు వంచినా పనిచేయడం. పడవకో వ్యానుకో అయితే దాని విలువ వేరు. నేల మీద కదలకుండా కూర్చునే యంత్రానికి ట్యూబుల అబ్జార్బరే చవక, చెడేవి తక్కువ.

సార్టెక్స్ గదిలో మనల్ని చంపేది వేడి కంటే తేమ. దానికైతే పొరను ఇంకో రకంగా వాడొచ్చు. లిథియం క్లోరైడ్ ద్రావణం 35–40 శాతం, ఒక పక్క అది, ఇంకో పక్క గది గాలి. తేమ పొర దాటి ద్రావణంలోకి పోతుంది, ఉప్పు తుంపర గాలిలోకి రాదు. అంతా మామూలు గాలి పీడనంలోనే, వాక్యూమ్ పంపు లేదు, గాలి దూరుతుందన్న బాధ లేదు. ద్రావణాన్ని మళ్ళీ చిక్కబరచడానికి 60–65 డిగ్రీలు చాలు, మీ 85 డిగ్రీల నీళ్ళు మిగిలిపోతాయి. తేమ తీసేశాక మిగిలే వేడికి ఉన్న ఏసీలే సగం లోడులో నడుస్తాయి. ద్రావణాన్ని చల్లబరచడానికి 32 డిగ్రీల టవర్ నీళ్ళు కూడా సరిపోతాయి.

ఉప్పుటేరు:

అంతర్వేది గాలి గారి మాటలో బలం ఉంది. 5 టన్నుల దాకా వెళ్ళే ఆలోచన ఉంటే ముందు గది లోడులో తేమ వాటా ఎంతో కొలిపించండి. ఒక మెలిక మాత్రం ఉంది. సార్టెక్స్ గదిలో తవుడు దుమ్ము ఎక్కువ. గాలి వైపు పొర మీద అది పట్టేస్తే తేమ దాటదు, కాబట్టి ముందు మంచి ఎయిర్ ఫిల్టరు, దాన్ని మార్చే మనిషి ఉండాలి. వాక్యూమ్ పెట్టెలో ఆ దుమ్ము బెడద లేదు.

పడమటిలాకు:

ఇదే పద్ధతిలో రొయ్యల ప్యాకింగుకు ఐసు చేయొచ్చా?

శూన్యపీడనం:

లిథియం బ్రోమైడ్‌తో కాదండి. అక్కడ చల్లబడేది నీరే, సున్నా దగ్గర గడ్డకడుతుంది. ఐసుకు అమోనియా–నీటి యంత్రం కావాలి. అందులో పీడనాలు వాతావరణం కంటే ఎక్కువ, అమోనియా ద్రావణం తలతన్యత తక్కువ కాబట్టి పొర తొందరగా తడుస్తుంది. ఈ చర్చలో దాన్ని కలపొద్దు, వేరే చర్చ పెట్టండి.

పాలకొల్లు ఫ్యాబ్రికేటర్:

తేమ లెక్క తీయిస్తాను. అయినా టన్ను యంత్రం మొదలుపెట్టాలనే ఉందండి. చివరిగా ఒకటి, కరెంటు పోతే ఏమవుతుంది? ఇక్కడ గాలివాన వస్తే గంటల తరబడి రాదు.

శూన్యపీడనం:

అదే అసలు భయం. నడుస్తున్నప్పుడు 61 శాతం ద్రావణం వేడిగా ఉంటుంది, ఆగితే గది వేడికి దిగుతుంది. 61 దగ్గర సాధారణంగా గడ్డకట్టదు గానీ, కరెంటు పోయే క్షణంలో వేడినీళ్ళు ఆగకపోతే జనరేటర్‌లో ద్రావణం ఇంకా చిక్కబడుతుంది. 65 శాతానికి చేరితే 45 డిగ్రీల దగ్గరే స్ఫటికాలు మొదలు. ముందు పట్టేది సొల్యూషన్ హీట్ ఎక్స్‌చేంజర్ చల్ల చివర (వేడి గాఢ ద్రావణం తన వేడిని పలచన ద్రావణానికిచ్చి బయటికొచ్చే చోటు), తర్వాత మీ కేపిలరీలు. పెద్ద గొట్టంలో గడ్డకడితే పైన మంటతో వెచ్చబెట్టి కరిగిస్తారు, పొర దగ్గర ఆ పని కుదరదు.

కాబట్టి వేడినీళ్ళ లైన్‌లో కరెంటు పోగానే తనంతట మూసుకునే వాల్వు పెట్టండి. ద్రావణం పంపును, ఎవాపరేటర్ నుంచి నీటిని ద్రావణంలోకి వదిలే చిన్న సోలెనాయిడ్ వాల్వును ఇన్వర్టర్ మీద ఉంచండి. ఆగగానే పంపు 15–20 నిమిషాలు తిరిగి, గాఢ, పలచన ద్రావణాలు కలిసి మొత్తం 55 శాతం దగ్గరికి రావాలి. యంత్రంలో 8 కిలోల ద్రావణం 59 శాతం దగ్గర ఉందనుకుంటే దానికి 600 గ్రాముల నీరు కావాలి, ఎవాపరేటర్ తొట్టిలో ఆపాటి నీరు ఎప్పుడూ మిగిలేలా తొట్టి కొలత చూసుకోండి. పంపు వంద వాట్లు దాటదు, ఇంట్లో వాడే ఇన్వర్టర్ చాలు.

25 ప్లేట్లు ఒకేసారి కోయించకండి. ఒకే ముఖం, 20 బై 10, చేసి నడపండి. 0.02 చదరపు మీటరుకు గంటకు 108 గ్రాముల నీరు తగ్గాలి, ఎవాపరేటర్‌కు గీతలున్న గాజు గొట్టం పెడితే కంటికే తెలుస్తుంది. 70 గ్రాముల దగ్గర ఆగితే ముందు గాలి తీసి చూడండి, ఆ తర్వాత టీడీఎస్, ఆ తర్వాతే సందు మందం జోలికి వెళ్ళండి.